గల్లీ కోర్టుకు ఏ రాకెట్?

ముంబయి ధోబీ తలావ్‌లో స్పోర్ట్స్ షాపు ఏదైనా సరే, షటిల్ రాకెట్ కావాలనగానే కౌంటర్ అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: అటాకింగా, డిఫెన్సా? అటాకింగ్ అంటే తల బరువుగా, షాఫ్ట్ గట్టిగా ఉండే రాకెట్ చేతికిస్తారు. డిఫెన్స్ అంటే తల తేలికది. తేల్చుకోలేక నసిగితే మధ్యరకం. కంపెనీల క్యాటలాగులు ఈ మూడు గళ్ల పట్టిక మీదే నడుస్తాయి, కోచ్‌లలో చాలామంది చెప్పేదీ ఇదే. పట్టికలో అబద్ధమేమీ లేదు. అయితే కొనేవాడు 13.40 మీటర్ల పొడవు, 6.10 మీటర్ల వెడల్పు ఉన్న కోర్టులో, గాలి చొరబడని హాల్లో, పైకప్పు అందనంత ఎత్తున ఉన్న చోట ఆడతాడని అది ముందే అనుకుంటుంది. కామాటిపుర గల్లీలోనో, వర్లీ బీడీడీ చాళ్ల నడుమనో ఆడే తెలుగు కుర్రాడికి ఆ మూడింటిలో ఒక్కటీ లేదు. ‘నా స్టైల్ అటాకింగ్’ అని అతను మనస్ఫూర్తిగానే చెప్పవచ్చు. కానీ ఆ స్టైల్ చూపించే వీలు ఆ చోటు ఇస్తుందా అని షాపులో ఎవరూ అడగరు. రాకెట్ ఎంపికలో మనిషి స్వభావం కన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య అతనికి ఎంత వ్యవధి చిక్కుతుందన్నదే అది. కోర్టు, షటిల్, జోడీ, చేతి వేగం అన్నీ కలిసి ఆ వ్యవధిని నిర్ణయిస్తాయి. స్టైల్ అని మనం పిలిచేది చాలావరకు దాని నీడే.

ముందు చోటు సంగతి. కామాటిపుర పేరే కామాటీలది. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి నిజాం ఇలాకా పల్లెలు విడిచి వచ్చి, బొంబాయి కట్టుబడి పనుల్లో చెమటోడ్చిన తెలుగు కూలీలు నిలిచిన పేట అది. ఆ తర్వాత బట్టల మిల్లులు పద్మశాలీలను రప్పించాయి. వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి చాళ్లలో వాళ్ల తరాలు గడిచాయి. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన బీడీడీ చాళ్లు వర్లీ, నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషి మార్గ్, శివ్డీలలో కలిపి 207. ఒక్కో గది 160 చదరపు అడుగులు. అంటే ఒక డబుల్స్ కోర్టు పట్టే నేలలో అలాంటి గదులు ఐదున్నర పడతాయి. ఇంత ఇరుకున బతికే చోట కోర్టును మిగిలిన జాగాను బట్టి గీసుకోవాలి, రూల్ పుస్తకంతో పని లేదు. వల ఒక కొస కిటికీ ఊచకు, రెండో కొస కరెంటు స్తంభానికి. పక్కగీత అంటే నిలబెట్టిన బైకుల వరస. పైన కేబుల్ తీగలు, అంతస్తు అంతస్తుకూ ఆరేసిన బట్టలు. టాస్, అంటే షటిల్‌ను పైకి లేపే దెబ్బ, కొంచెం ఎత్తుకు లేచిందంటే తీగకు తగిలి మళ్లీ సర్వీసు, లేదా షటిల్ రెండో అంతస్తు వరండాలో పడి ఎవరో ఒకరు మెట్లెక్కాలి.

కాలం కూడా కలిసిరాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, ఆ నడుమే గణపతి మండపం, నవరాత్రుల్లో అదే నేల బతుకమ్మకు. కాబట్టి అసలు సీజను దీపావళి దాటాకే. అప్పుడు కూడా పగలు సముద్రం మీంచి వీచే గాలి సాయంత్రానికి గానీ నెమ్మదించదు, అందుకే ఆట రాత్రి భోజనాలయ్యాక, దీపాల వెలుగులో. ఈకల షటిల్ ఆ గాలికీ ఆ గచ్చుకూ ఒక్క గేమ్ కూడా ఓర్చదు. వాడేది నైలాన్ కాకే. మావిస్ 350 లాంటి వాటికి బెండు చుట్టూ రంగు పట్టీ ఉంటుంది: ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యరకం, ఎరుపు జోరు. ఇరుకు కోర్టులో ఎరుపు పట్టీ కాక్ తెచ్చుకుని, ఆనక రాకెట్‌కు కంట్రోల్ లేదని తిట్టుకునేవాళ్లు తక్కువేమీ కాదు.

ఇలాంటి చోట ఏ ఆట పుడుతుంది? ఎత్తు లేదు కాబట్టి టాస్ లేదు. టాస్ లేనిదే వెనక్కి జరిగి, భుజం తిప్పి, నిండుగా చేయి విసిరే స్మాష్‌కు అవకాశం రాదు. మిగిలేది నడుము ఎత్తులో, భుజం ఎత్తులో వల మీంచి బల్లపరుపుగా దూసుకుపోయే డ్రైవ్‌లు, ఒంటిమీదికి వచ్చే కాక్‌ను మణికట్టుతో తోసేయడం, సర్వీసు అందుకుంటూనే ముందుకు దూకడం. ఆరుబయట ఆట తీరు మారిపోతుందని ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్యే ఒప్పుకుంది. 2019లో ప్రవేశపెట్టిన ఎయిర్‌బ్యాడ్మింటన్‌కు వేరే షటిల్ చేయించింది, డబుల్స్ కోర్టును 16 మీటర్లకు పెంచింది, వలకు ఇరువైపులా రెండేసి మీటర్ల నేలను ఆట నుంచి తీసేసింది. గాలిలో వల దగ్గరి సున్నితమైన ఆట నిలవదని దాని లెక్క. గల్లీలో అంత పొడవూ లేదు. అక్కడ ఎదుటివాడు మూడు నాలుగు బారల దూరంలో నిలబడి ఉంటాడు. రాకెట్ ఒకసారి ఊపి, వెనక్కి తెచ్చి, మళ్లీ ముందుకు పెట్టేలోపే కాక్ వచ్చేస్తుంది. మొదటి దెబ్బ ఎంత గట్టిగా కొట్టాడన్న లెక్క అక్కడ చెల్లదు, రెండో దెబ్బకు రాకెట్ లేచి ఉందా లేదా అన్నదే పాయింటు తేలుస్తుంది.

దీనికి మొదటి అభ్యంతరం మన ఊళ్ల నుంచే వస్తుంది: బరువుంటేనే కదా దెబ్బలో దమ్ము. ఈ నమ్మకం ఎక్కడిదో వెతికితే బాల్ బ్యాడ్మింటన్ దాకా పోవాలి. తెలుగు జిల్లాల్లో బడి మైదానాలన్నీ ఒకప్పుడు ఆ ఆటవే. వరంగల్‌లో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్య ఆ ఆటలో 1970లో అర్జున అవార్డు అందుకున్న రోజులవి. జట్టుకు ఐదుగురు, 24 మీటర్ల కోర్టు, పసుపు ఉన్ని బంతి. ఆ బంతి బరువు 27 గ్రాములకు తగ్గదు. దాన్ని కొట్టే రాకెట్ షటిల్ రాకెట్‌కు దాదాపు రెట్టింపు తూగుతుంది, అంటే బంతికి ఆరు రెట్లు. అక్కడ రాకెట్ బరువు నిజంగానే పనిచేస్తుంది. తేలిక రాకెట్‌తో తగిలితే బంతే చేతిని వెనక్కి నెడుతుంది. షటిల్ బరువు మాత్రం 4.74 నుంచి 5.50 గ్రాముల లోపు. 85 గ్రాముల రాకెట్ దానికి పదహారు పదిహేడు రెట్లు. ఇంత తేడా ఉన్నచోట తలకు ఇంకో నాలుగు గ్రాములు చేర్చినా కాక్ వేగంలో వచ్చే లాభం స్వల్పం. ఆ నాలుగు గ్రాముల వల్ల చేయి ఏ కాస్త నెమ్మదించినా ఆ లాభం కాస్తా పోతుంది. ఉన్ని బంతి దగ్గర, క్రికెట్ బంతి దగ్గర సరైన బుద్ధి షటిల్ దగ్గరికి వచ్చేసరికి తప్పుదారి పట్టిస్తుంది. తాతల ఊరి నుంచి ముంబయికి వచ్చినవాటిలో ఈ నమ్మకం కూడా ఒకటి.

లెక్కలు నమ్మనివాళ్లకు అమలాపురం కుర్రాడి సాక్ష్యం ఉంది. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ రోజు చేతిలో ఉన్నది యోనెక్స్ నానోఫ్లేర్ 1000జెడ్. కంపెనీ తన పట్టికలో దాన్ని పెట్టుకున్నది హెడ్ లైట్ వరసలో, అంటే షాపువాడు డిఫెన్స్ ఆటగాడికి చూపించే వైపు. సాత్విక్ భుజం అందరికీ ఉంటుందా అని అడగవచ్చు. ఉండదు. ఆ రాకెట్ షాఫ్ట్ కూడా మహా గట్టిది, మామూలు చేతికి వంగదు. రికార్డు కోసం అమర్చిన దెబ్బ వేరు, మ్యాచ్ వేరు అన్నా నిజమే. అయినా హెడ్ హెవీ ఉంటేనే స్మాష్ అనే సూత్రం మాత్రం ఆ ఒక్క దెబ్బతో నిలవకుండా పోయింది. వేగం రాకెట్ తల ఎంత జోరుగా తిరిగిందన్నదాని నుంచి వస్తుంది. షాఫ్ట్ విల్లులా వంగి విడుచుకోవడం వల్ల వచ్చే అదనం, ప్రయోగశాలల్లో కొలిచి చూసినప్పుడు, మొత్తం వేగంలో చిన్న వాటాగానే తేలింది.

అసలు హెడ్ హెవీ, హెడ్ లైట్ అన్న ముద్రలనే కాస్త అనుమానంగా చూడాలి. రాకెట్‌ను వేలి మీద అడ్డంగా నిలబెట్టి, అది నిలిచిన చోటి నుంచి పిడి చివరి దాకా కొలిస్తే వచ్చేది బ్యాలెన్స్ పాయింట్. 285 నుంచి 295 మిల్లీమీటర్ల మధ్య ఉంటే ఈవెన్ అంటారు, దాటితే హెడ్ హెవీ. ఇప్పుడు 90 గ్రాముల రాకెట్ పిడికి చెమట పీల్చుకోవడానికని ఐదు గ్రాముల గ్రిప్ ఇంకొకటి చుట్టారనుకోండి. బ్యాలెన్స్ పాయింట్ సెంటీమీటరుకు పైగా పిడి వైపు జరుగుతుంది. కాగితం మీద హెడ్ హెవీ రాకెట్ ఈవెన్ అయిపోతుంది. ఊపి చూస్తే మాత్రం తేడా దాదాపు తెలియదు, ఎందుకంటే ఆ ఐదు గ్రాములూ అరచేతిలోనే ఉన్నాయి. తిరిగేటప్పుడు చేతిని లాగేది తల దగ్గరి బరువు. ముంబయి ఉక్కపోతలో గ్రిప్ మీద గ్రిప్ చుట్టని పిడి దొరకదు. అందుచేత ఇక్కడ డబ్బా మీది ముద్రకు, చేతికి తెలిసే బరువుకు పొత్తు తక్కువ. షాపులో మూడు రాకెట్లు తీసుకుని, ఛాతీ ముందు ఎడమకూ కుడికీ పదేసిసార్లు గబగబా తిప్పి చూస్తే పట్టిక చెప్పని సంగతి మణికట్టు చెబుతుంది. మూడోదానికి వచ్చేసరికి ఏది ఆలస్యంగా తిరుగుతోందో తెలిసిపోతుంది.

స్టైల్ పుట్టుకతో వస్తుందన్న మాటకు సాత్విక్, చిరాగ్ శెట్టిల జోడీయే జవాబు. చిరాగ్ ముంబయి కుర్రాడు. 2016లో మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్ ఈ ఇద్దరినీ కలిపినప్పుడు ఇద్దరూ పొడగరులే, ఇద్దరూ వెనక నుంచి బాదేవాళ్లే. జోడీ నిలబడాలంటే ఒకరు ముందుకు రావాలి. చిరాగ్ వల దగ్గరి ఆట నేర్చుకున్నాడు. 2022లో థామస్ కప్, కామన్వెల్త్ స్వర్ణం, 2023లో ఆసియా చాంపియన్‌షిప్, హాంగ్జౌ ఆసియా క్రీడల స్వర్ణం ఆ సర్దుబాటు తర్వాతివి. అంతటివాళ్ల స్టైలే పక్కవాణ్ని బట్టి మారితే, రోజుకో జోడీతో ఆడే చాల్ కుర్రాడు ఒక స్టైల్ పేరు చెప్పి రాకెట్ కొనడం ఏ నమ్మకంతో? ముందు నిలబడితే అతనికి చిక్కే వ్యవధి తక్కువ, వెనక నిలబడితే కొంచెం ఎక్కువ. రెండు చోట్లా పనికొచ్చేది ఈవెన్ బ్యాలెన్స్, లేదా దానికి కాస్త పిడి వైపు ఉన్నది. బరువు 4యూ, అంటే 80 నుంచి 85 గ్రాముల లోపు. షాఫ్ట్ మధ్యరకం.

మరి సింగిల్స్ చాంపియన్ విక్టర్ అక్సెల్సెన్ మాటేమిటి అంటారు. తల బరువైన, షాఫ్ట్ బిగిసిన ఆస్ట్రాక్స్ 100జెడ్‌జెడ్‌తోనే కదా అతను ప్రపంచాన్ని గెలిచింది? నిజమే, ఆ రాకెట్ అతనికి తగింది. 194 సెంటీమీటర్ల మనిషి, సింగిల్స్ ఆట, ఎత్తుగా వచ్చే షటిల్, దాని కిందికి చేరి నిండుగా చేయి విసరడానికి సమయం. ఈ అభ్యంతరం నా వాదనను కూల్చదు, దానికే ఊతమిస్తుంది. వ్యవధి ఉన్నవాడికి తల బరువు లాభం. హాల్లో సింగిల్స్ ఆడే పెద్ద చేతివాడు హెడ్ హెవీ కొనుక్కుంటే తప్పు పట్టడానికేమీ లేదు. చాంపియన్ చేతిలో ఉన్నదే మనకూ కావాలన్న ఆశ వేరే సంగతి. ఆ రాకెట్ మీది పేరును చాలాసార్లు ఒప్పందం నిర్ణయిస్తుంది. పి.వి. సింధు 2019 ఆరంభంలో లీ నింగ్ వైపు మారింది, అదే ఏడు ఆగస్టులో బాసెల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. కంపెనీ మారినా ఆట మారలేదు.

అలాగైతే ఏ రాకెట్ అయితేనేం, ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఈ లెక్కలన్నీ ఎందుకన్నది ఇంకో వాదం. 1956లో కౌలాలంపూర్‌లో బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచి, విదేశంలో అలా గెలిచిన తొలి భారతీయుడైన నందు నటేకర్ చేతిలో ఉన్నది చెక్క రాకెట్. వాదంలో సగం ఒప్పుకుంటాను. రెండు మూడు వేల రాకెట్‌కూ పది వేలు దాటిన రాకెట్‌కూ మధ్య గల్లీ ఆటగాడికి కనిపించే తేడా కొద్దిదే. ఒప్పుకోలేని సగం మోచేతికి సంబంధించింది. పగలంతా డెలివరీ బండి మీదో, మెషీన్ ముందో కూర్చుని వచ్చి, ఒళ్లు వేడెక్కకుండానే గంటన్నర డ్రైవ్‌లు ఆడే చేతికి, తల బరువైన బిగువు రాకెట్ ఇస్తే మోచేయి బయటివైపు నొప్పి మొదలవడానికి ఎన్నో వారాలు పట్టదు. సన్నని పిడి దీనికి తోడవుతుంది. పిడి సైజుల్లో జీ4 కన్నా జీ5, దానికన్నా జీ6 సన్నం. వేళ్లు అరచేతిలో గుచ్చుకునేంత సన్నగా ఉంటే తెలియకుండానే పిడికిలి బిగుస్తుంది, ఆ బిగువు నేరుగా మోచేతికి పోతుంది. వేళ్లకూ అరచేతికీ నడుమ చిటికెన వేలు పట్టేంత సందు ఉండేలా గ్రిప్ చుట్టుకుంటే చాలు.

డబ్బు పెట్టాల్సిన చోటు ఫ్రేమ్ కన్నా గట్టింగ్, అంటే తల మీది తీగల అల్లిక. ఈ మాట షాపులో తక్కువ వినబడుతుంది. కంపెనీ నుంచి వచ్చిన గట్ చాలా రాకెట్లలో వదులుగా ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ ఇంకా సాగుతుంది. అది తెంపించి మళ్లీ వేయించుకుంటే రెండు వేల రాకెట్ కొత్తదానిలా మాట్లాడుతుంది. ఎంత టెన్షన్ అన్నదాని మీద మాత్రం కుర్రాళ్లలో ఒక పంతం ఉంది: ముప్పై పౌండ్లు బిగించుకున్నవాడే మొనగాడు. మంచి చేతివేగం ఉన్న ప్రొఫెషనల్‌కు ఆ బిగువు కచ్చితత్వాన్నిస్తుంది. వేగం లేని చేతికి అదే గట్ పలకలా మారుతుంది. కాక్ ఎగరదు, గట్ నడిమధ్యన కాక కొంచెం పక్కన తగిలితే చేయి జిల్లుమంటుంది. 22, 23 పౌండ్ల దగ్గర గట్ కొంచెం కుంగి, కాక్‌ను తనే నెడుతుంది. తల బరువు నుంచి బలం ఆశించేవాళ్లకు నిజంగా కావలసింది ఇదే. గట్ మందం కూడా చూసుకోవాలి. 0.70 మిల్లీమీటర్ల బీజీ65 లాంటిది నెలల తరబడి ఉంటుంది. 0.63, 0.65 రకాలు టక్కుమని మంచి చప్పుడు చేస్తాయి, తొందరగా తెగుతాయి. బైకు హ్యాండిల్‌కూ గచ్చుకూ ఫ్రేమ్ రాసుకునే చోట సన్న గట్ వేయించడం జేబుకు బరువు. ఫ్రేమ్ మీద అచ్చువేసిన టెన్షన్ పరిమితి దాటి బిగించమని గట్టింగ్ చేసేవాడిని ఒత్తిడి చేస్తే, పగిలిన కార్బన్ ఫ్రేమ్‌కు ఏ ఫెవిక్విక్కూ పనికిరాదు.

ఆడపిల్లల ఆట గురించి ఒక మాట. ‘లేడీస్ రాకెట్’ అని గులాబీ రంగుది తేలికది ఇవ్వడం ఇంకా పోలేదు. సాత్విక్ రికార్డు కొట్టిన రోజే మలేసియాకు చెందిన పెర్లీ టాన్ స్మాష్ 438 కిలోమీటర్లు నమోదైంది. వ్యవధి లెక్క ఆడామగా చూడదు. చేయి ఎంత వేగంగా తిరుగుతుంది, ఎక్కడ ఆడుతుంది అని అడిగితే చాలు, రంగు తర్వాత చూసుకోవచ్చు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం భవిష్యత్తుది. పిల్లవాణ్ని రేపు కోచింగ్‌లో చేర్చాలనుకునే ఇంట్లో, గల్లీ ఆటకని ఒకటి, హాలుకని ఒకటి కొనే స్తోమత ఎక్కడ? గల్లీకి తగ్గ రాకెట్ హాల్లో అడ్డం కాదా? ఈ భయం పూర్తిగా అకారణం కాదు. హాల్లో ఈకల షటిల్‌తో వెనక గీత నుంచి వెనక గీతకు టాస్ కొట్టాల్సి వచ్చినప్పుడు తల మరీ తేలికైన రాకెట్ పిల్లవాణ్ని కష్టపెడుతుంది. ఈవెన్ దగ్గర ఆగమనడం అందుకే. ఆట స్థిరపడే దాకా, అంటే ఎదుగుదల ఆగి, కోచ్ సింగిల్సా డబుల్సా అని తేల్చే దాకా, అది ఏ వైపుకూ అడ్డం రాదు. ఇప్పుడు చోటు కూడా మారుతోంది. 2025 ఆగస్టులో వర్లీ బీడీడీలో తొలి విడతగా 556 కుటుంబాలకు కొత్త టవర్లలో 500 చదరపు అడుగుల ఫ్లాట్లు అందాయి, మిగతా చాళ్లూ కామాటిపుర గల్లీలూ వరసలో ఉన్నాయి. టవర్ల మధ్య కోర్టు గీస్తే పైన తీగలుండవు, టాస్ లేస్తుంది. గాలి మాత్రం బిల్డింగుల సందున ఇంకా జోరుగా వీస్తుంది. అక్కడికి మారినవాళ్లు వెంటనే కొత్త రాకెట్ వెతుక్కోనక్కర్లేదు. ముందు కాక్ పట్టీ రంగు మార్చి చూడాలి, తర్వాత గట్ ఒకటి రెండు పౌండ్లు బిగించి చూడాలి. కాక్ వెనక గీత దాకా పోతూ, చేయి నొప్పి లేకుండా, ఇంకా సమయం మిగులుతోందనిపిస్తే అప్పుడు ధోబీ తలావ్‌కు వెళ్లి, ఇప్పుడున్నదాని కన్నా బ్యాలెన్స్ ఐదారు మిల్లీమీటర్లు పైకున్నది అడగవచ్చు.